పసుపు మీద ఆకుపచ్చ

రాళ్ళు సానపట్టే కొట్టు, మధ్యాహ్నం. చక్రం దగ్గర, చేతిలో పొరలుపొరలుగా రంగులున్న రాయితో, కార్ల కంపెనీలో రిటైరైన రంగుల సూపర్‌వైజరు, ఎదురుగా కొట్టు నడిపే ఆవిడ. కిటికీ పక్కన ఇంకొకావిడ పూసలు గుచ్చుతోంది.

"ఆగాగు, నువ్వు చెప్పకు. నేనే చెప్తాను. ఆ భూతద్దం ఇలా పడెయ్."

"చెప్పండి సార్. మీకు తెలియని రంగా?"

"అన్నిటికన్నా పైన నలుపు. దాని కింద వెండిరంగు, వెంట్రుకంత. ఆ ఏడాది వెండిరంగు కార్లు ఎవడూ కొనలేదు, నాలుగు నెలల్లో ఆపేశాం. దాని కింద ఎరుపు. ఎంత మందంగా ఉందో చూడు, ఎరుపంటే జనం ఎగబడ్డారు మరి. ఆ తర్వాత తెలుపు..."

"పేపరు చదివినట్టు చదివేస్తున్నారు!"

"ముప్పయ్యొక్క ఏళ్ళమ్మా! ఏ రంగు ఎప్పుడు మొదలైందో, ఏ నెలలో ఆగిందో కంపెనీ వాళ్ళు కూడా నాకే ఫోన్ చేసి అడుగుతారు. ఆదివారం కంపెనీ యాభయ్యేళ్ళ సభ. స్టేజి మీద మూడో కుర్చీ నాది. ఈ రాయి ఓనరుగారి చేతిలో పెట్టి, సార్, ఇది నేను స్వయంగా సానబట్టాను అంటే ఎలా ఉంటుందంటావు?"

"ఆయన కళ్ళు తిరిగి పడిపోతారు."

"మరీ అంత వద్దులే. అయినా ఒక మాట. మేం చెత్తలో పారబోసిన దాన్ని నువ్వు ఉంగరాల్లో పొదిగి అమ్ముతున్నావు చూడూ, నీ తెలివికి దండం పెట్టాలి."

"కొనేవాళ్ళకి ఇది ఎలా తయారవుతుందో నాకు సరిగ్గా చెప్పడం రాదు సార్. ఏ గనిలోది అని అడుగుతారు."

"గనీ లేదు గాడిదగుడ్డూ లేదు. కారు బాడీల్ని కొక్కేలకి వేలాడదీసి రంగు కొడతాం. కారు మీద పడింది కారు మీద పడుతుంది, మిగిలింది కొక్కేనికి అంటుకుంటుంది. పొయ్యిలో కాలి రాయైపోతుంది. మర్నాడు దాని మీద ఇంకో రంగు. ఏడాది తిరిగేసరికి కొక్కెం నా పిడికిలంత లావెక్కుతుంది. అప్పుడు సుత్తి పెట్టి కొట్టి, పెచ్చులు రాలగొట్టి, చెత్తబండిలో ఎత్తిపోయడమే."

"రాలగొట్టేది మీరేనా సార్?"

"నేనెందుకు రాలగొడతాను? దానికి వేరే మనుషులుండేవాళ్ళు. ఇదిగో, మాట్లాడుతూ ఉంటే పని సాగదు. చక్రం తిప్పు."

"ముందు మాస్కు పెట్టుకోండి."

"మళ్ళీ మొదలెట్టావూ! పన్నెండు గురువారాల నుంచి ఇదే పాట. రంగుగదిలో మాస్కు పెట్టుకున్నవాణ్ణి మేం పెళ్ళికూతురు అనేవాళ్ళం, తెలుసా? ఆ మాటకి సిగ్గేసి వాళ్ళే తీసి పారేసేవాళ్ళు."

"మీరుండేది అద్దాల గదిలో కదా సార్?"

"అయితే ఏం? అద్దంలోంచి అన్నీ కనబడేవి... అన్నట్టు, ఆ కిటికీ దగ్గర కూర్చున్నావిడ ఎవరు? ఇందాక పలకరిస్తే పలకలేదు."

"మా వదిన. మా అన్న భార్య. పూసలు గుచ్చేటప్పుడు మాట్లాడదు. ఇవాళ ఒక్కరోజు రమ్మని నేనే బతిమాలి పిలిపించాను. వదినా, వెలుతురు సరిపోతోందా?"

"సరిపోతోంది."

"హమ్మయ్య, నోరుంది! సరే, ఎక్కడున్నాం?"

"తెలుపు అయింది సార్. దాని కింద?"

"తెలుపు కింద ఆకుపచ్చ. ముదురాకు రంగు. నా మనసుకి నచ్చిన రంగు ఇదొక్కటే. దాని కింద పసుపు. అడుగున బూడిదరంగు, అది అస్తరు, అన్నిటికన్నా ముందు కొట్టే పూత. అయిపోయింది, చదివేశాను! ఏదీ, ఒక టీ చెప్పు."

"చెప్తాను. ఆ పసుపు భలే ఉంది సార్, బంతిపువ్వులా. మీరు వచ్చినప్పుడల్లా ఇష్టంగా అరగదీసేది కూడా అదే."

"రెండో పసుపు అది. దాని నిగారింపే వేరు."

"రెండోదేమిటి? పసుపులో ఒకటీ రెండూ కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి. మొదట ఒక పసుపు ఉండేది. అది ఆపేసి, తర్వాత ఇంకోటి తెచ్చాం."

"ఎందుకు ఆపేశారు?"

"ఏదో... మెరుపు చాల్లేదని."

"బాగానే మెరిసేది అనేవాళ్ళే?"

"ఎవరు అనేవాళ్ళు? నీకేం తెలుసు? మెరుపు చాల్లేదు, ఆపేశాం. అయినా నువ్వు పుస్తకం రాస్తావా ఏమిటి?"

"తప్పయితే వదిలెయ్యండి సార్. నేర్చుకుందామని అడిగాను. రెండో పసుపు ఎప్పుడొచ్చింది?"

"ఆకుపచ్చ ఆపేసిన రెండేళ్ళకి. బాగా గుర్తు. ఆకుపచ్చ ఆపొద్దని నేను పైవాళ్ళతో గొడవ పడ్డాను కూడా."

"అంటే ముందు ఆకుపచ్చ ఆగిపోయింది, ఆ తర్వాత రెండేళ్ళకి రెండో పసుపు వచ్చింది."

"ఆ."

"ఆకుపచ్చ మళ్ళీ ఎప్పుడైనా కొట్టారా?"

"ఒక్కరోజు కూడా కొట్టలేదు. చెప్తున్నానుగా."

"మరి ఈ పసుపు మీద ఆకుపచ్చ ఉందేమిటి సార్?"

"ఎక్కడ?"

"మీరే చదివారు. తెలుపు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద పసుపు. కింద ఉన్నది ముందు కొట్టినది కదా? రెండో పసుపైతే ఆకుపచ్చ పైన ఉండాలి."

"ఇలా ఇవ్వు... భూతద్దం... నువ్వు తిరగేసి పట్టుకున్నావేమో."

"అస్తరు అడుగునే ఉంది సార్. చూసుకోండి."

"ఆకుపచ్చ... కింద పసుపు... కింద అస్తరు... ఏయ్, ఈ పెచ్చు ఎక్కడిది?"

"ఏమైంది సార్?"

"ఎక్కడిదని అడుగుతున్నాను! ఏ గదిది ఇది?"

"మూడో గది అనుకుంటా."

"మూడో గదా! ఆ పెచ్చులన్నీ పూడ్పించేశాను నేను! ఒక్క ముక్క బయటికి పోలేదు! నీకెలా వచ్చింది?"

"మెరుపు చాలని రంగుని పూడ్పించడం దేనికి సార్?"

"నాతో ఆటలాడుతున్నావా? చక్రం ఆపు. ఆపు ముందు! నీళ్ళు ఎక్కడున్నాయి? చేతులు కడుక్కోవాలి."

"బకెట్టు మీ వెనకే ఉంది. కంగారు పడకండి. పెచ్చు మా అన్న తెచ్చాడు. కొక్కేల మీంచి రాలగొట్టేవాడు మూడో గదిలో, ఆరేళ్ళు. రంగులు ముచ్చటగా ఉన్నాయని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాడు."

"ఎవరు మీ అన్న?"

"అసలు పేరు మీకు తెలిసి ఉండదు. సుత్తి అనేవాళ్ళు మీరంతా."

"సుత్తా? పొద్దస్తమానం టకటకా కొట్టేవాడు, నోరు విప్పితే ఒట్టు, వాడేనా? ఆ తాగుబోతు సుత్తిగాడా?"

"వదినా... పోనీలే. పూసలు నేను ఏరుతాను, నువ్వు లేవకు."

"తాగుబోతేగా మరి! ఉన్నమాటంటే... అబ్బ, ఈ గోళ్ళ సందుల్లో చూడు, పసుపు! పోవడం లేదు. పన్నెండు గురువారాలు! మొత్తం ఎన్ని గంటలు అరగదీశాను నేను?"

"రెండేసి గంటలు. మాస్కు లేకుండా."

"నువ్వెందుకు ఊరుకున్నావు?"

"నేను ఊరుకోలేదు సార్. వచ్చిన ప్రతిసారీ చెప్పాను. మీరే పెళ్ళికూతుర్ని కానన్నారు."

"అది మొదటి పసుపని నాకేం తెలుసు!"

"మా అన్నకి మాత్రం తెలుసా ఏమిటి?"

"చెయ్యి చూడు. చూడు ఎలా వణుకుతోందో! కుడి చెయ్యి."

"అవును, వణుకుతోంది."

"ఎప్పట్నుంచి ఇలా ఉంది? నిన్న టీ ఒలికింది. ఒలికింది కదూ? మా ఆవిడ కూడా అంది, చొక్కా మీద ఒలకబోసుకున్నారని."

"అన్నకి ముందు బొటనవేలితో మొదలైంది. తర్వాత మణికట్టు వాలిపోయింది. సుత్తి ఎత్తితే జారిపోయేది. నోట్లో చిల్లర పైసలు చప్పరిస్తున్నట్టుంది అనేవాడు."

"నాకూ ఉంది! పొద్దున్నించీ ఉంది, చేదుగా! కడుపులో కూడా ఎక్కడో పట్టేస్తున్నట్టు... బండి పిలు. కంపెనీ ఆసుపత్రికి పోదాం. ఆ డాక్టరు నా మనిషి."

"ఏమని చెప్తారు ఆయనకి?"

"సీసం అని చెప్తాను. రంగులో సీసం ఉంది, ఒంట్లోకి వెళ్ళింది అని."

"మా కంపెనీ రంగుల్లో సీసమే లేదు, ఇది తాగుడు వణుకు అంటాడు సార్. అన్నకి అలాగే రాసిచ్చాడు."

"వాడికి రాసింది వేరు. అలా రాయమని నేనే... అది వేరే సంగతి."

"తెలుసు. ఆ కాగితం ఉండగా ఇప్పుడు మీకు ఇంకోలా ఎందుకు రాస్తాడు? మీకు సీసం అని రాస్తే అన్నకి రాసింది అబద్ధమైపోతుంది. ఆయన ఉద్యోగం ఆయన చూసుకోడూ?"

"అయితే బయట డాక్టరు! ఎవరో ఒకరు! నన్నిక్కడ కూర్చోబెట్టి కబుర్లు చెప్తావేమిటి?"

"బయట డాక్టరు మిమ్మల్ని చూసి ఏమనుకుంటాడు? పెద్దాయన, చెయ్యి వణుకుతోంది, మాట తడబడుతోంది, ఒళ్ళంతా చెమట. ముందు నోరు తెరవమని వాసన చూస్తాడు."

"నేను తాగను! నా జన్మలో ముట్టలేదు!"

"అన్న కూడా అలాగే అరిచేవాడు సార్. అచ్చం ఇలాగే. అందుకే కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. ఏ రంగు, ఏ గది, అందులో ఏముందో మీరే రాయండి. ముప్పయ్యొక్క ఏళ్ళ సూపర్‌వైజరు స్వయంగా రాసిస్తే ఎవరు కాదంటారు? ఇదిగో పెన్ను."

"నువ్వు రాయి, చెప్తాను. నా చెయ్యి నిలవడం లేదు."

"నా రాత ఎవరు నమ్ముతారు? రాళ్ళు సానబట్టేదాన్ని. మీరే రాయండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు."

"సరే, సరే. 'డాక్టరు గారికి. నేను కారు కంపెనీలో రంగుల సూపర్‌వైజరుగా చేశాను. మూడో గదిలో వాడిన మొదటి పసుపు రంగులో సీసం ఉండేది. ఆ రంగు దుమ్ము పన్నెండు వారాలుగా నా ఒంట్లోకి వెళ్ళింది.' చాలు కదా?"

"సీసం ఉందని మీకెలా తెలుసని అడిగితే?"

"రంగు అమ్మిన వాళ్ళే డబ్బాతోపాటు చీటీ పంపారు. అది చించేశాం."

"ఆ ముక్క రాయండి."

"అదెందుకు?"

"చీటీ సంగతి లేకపోతే ఊహించి రాశారనుకుంటాడు. మీకు పిచ్చి పట్టిందనుకుంటాడు."

"హు... 'రంగు అమ్మినవారు మొదటి ఏడాదే చీటీ ద్వారా తెలిపారు.' ఇంక బండి పిలు."

"ఈ వణుకు ఎంతకాలానికి ముదురుతుందో మీకు తెలుసా సార్?"

"నాకెలా తెలుస్తుంది?"

"డాక్టరుకీ తెలియదు. ఎప్పుడూ చూసి ఉండడు. ఇంతకుముందు ఎవరికి వచ్చింది, ఎన్నాళ్ళకి వచ్చింది, ఎన్నాళ్ళు బతికాడు, ఇవి తెలిస్తేనే కదా మీకు ఎంత టైముందో చెప్పగలడు? మందు ఎంత గట్టిగా ఇవ్వాలో తేల్చుకోగలడు?"

"నీ ఉద్దేశం ఏమిటి?"

"మా అన్న సంగతి రాయండి. మీ ప్రాణానికి పనికొచ్చేది అదొక్కటే ఇప్పుడు."

"నువ్వు నన్ను ఇరికిస్తున్నావు."

"అయితే రాయకండి. మాస్కు దగ్గర కూడా బలవంతం చెయ్యలేదు నేను. అదుగో, ఎడమ చెయ్యి కూడా మొదలైనట్టుంది సార్."

"అబ్బబ్బ, రాస్తున్నాను, రాస్తున్నాను! 'ఇదే గదిలో పెచ్చులు రాలగొట్టే పనివాడు ఒకడికి...' ఎన్నో ఏడు వచ్చింది?"

"నాలుగో ఏడు. పేరు రాయండి. సుత్తి అని కాదు, వాడి అసలు పేరు. వదినా, చెప్పు సార్‌కి."

"నేను చెప్పను. ఆయన దగ్గర ఉండాలిగా పేరు. పనిలోంచి తీసేసినప్పుడు కాగితం మీద రాశారుగా."

"సరే వదినా, నేనే వేరే కాగితం మీద రాసిస్తాను, చూసి రాసుకోండి సార్. రాశారా? నాలుగో ఏడు చేతులు వణికాయి. ఆరో ఏడు తీసేశారు. ఇంకో మూడేళ్ళకి మా ఇంటి వెనక గదిలో పోయాడు. చివర్లో గ్లాసు పట్టుకోలేకపోతే నేనే నీళ్ళు పట్టేదాన్ని. ఎందుకు తీసేశారో రాయండి."

"అది రోగానికి సంబంధించింది కాదు!"

"ఆరో ఏడు పని ఆపింది రోగమా, మీరా? డాక్టరుకి తేడా తెలియాలి కదా సార్?"

"'చేతుల వణుకు సీసం వల్లనే అని తెలిసి కూడా... తాగి పనికి వచ్చాడని... నేను రిపోర్టు రాశాను.' చాలా? ఇప్పుడు నీ కడుపు నిండిందా?"

"ఎందుకలా రాశారు సార్? ఇది కాగితానికి కాదు, నా కోసం అడుగుతున్నాను."

"ఏం చెయ్యమంటావు? ఒక్కడికి సీసం అని ఒప్పుకుంటే గదిలో ఉన్న నలభై మందికీ ఒప్పుకోవాలి. గది మూసెయ్యాలి. నా ఉద్యోగం పోయేది. తాగాడంటే ఎవడూ ఎదురు అడగడు. వాడు మాట్లాడేవాడు కూడా కాదు. దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. వాడి పెళ్ళాం కూడా నమ్మింది, తెలుసా! నేనే ఇంటికెళ్ళి చెప్పాను, మీ ఆయన తాగొస్తున్నాడమ్మా, కాస్త చూసుకో అని. తలూపింది."

"ఊపాను."

"ఏమిటి?"

"తలూపాను. గుమ్మంలో నిలబడ్డారు మీరు. నీలం చొక్కా. మంచినీళ్ళు అడిగి తాగారు."

"నువ్వు... మీరు... సుత్తి పెళ్ళాం అంటే మీరేగా! నాకు తట్టనే లేదు."

"మీరు వెళ్ళాక రోజూ ఆయన నోరు వాసన చూశాను. గ్లాసులు చూశాను. తలగడ కింద చూశాను. ఎక్కడా ఏమీ లేదు. అయినా మీరు పెద్దమనిషి, అబద్ధం ఎందుకు చెప్తారనుకున్నాను. బాగా దాచి తాగుతున్నాడనుకున్నాను. పిల్లల ముందే బయటికి తోశాను ఆయన్ని. చెయ్యి వణుకుతూ నా చీరకొంగు పట్టుకోబోతే విదిలించాను."

"చూడమ్మా, నేను కావాలని మీ కాపురం..."

"ఇదిగో, ఈ ఆడపడుచు వచ్చి ఎన్నిసార్లు చెప్పిందో. అన్నని వెనకేసుకొస్తోంది అనుకున్నాను. చావుకి కూడా వెళ్ళలేదు. మీ మాట అంత గట్టిది మరి."

"ఈ కాగితం చింపేస్తాను నేను. మీరిద్దరూ కలిసి నా నోట..."

"చింపండి సార్. మీ చేతిలోనే ఉంది. చింపేసి, ఆ వణుకుతో, ఆ చెమటతో డాక్టరు దగ్గరికెళ్ళండి. ఆదివారం స్టేజి మీద మూడో కుర్చీలో కూర్చుని, ఓనరుగారికి దండ వెయ్యబోతే చేతులు ఊగుతుంటే, కింద కూర్చున్న మీ పాతవాళ్ళంతా ఏమనుకుంటారో నేను చెప్పాలా? పెద్దసారు రిటైరయ్యాక మొదలెట్టాడు అనుకుంటారు. మీ ఆవిడ కూడా తలగడ కింద వెతుక్కుంటుంది."

"ఆపు!"

"నేను ఆపేశాను. మీ ఇష్టం."

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

"కింద. పూర్తి పేరు. తేదీ కూడా వెయ్యండి."

"ఇదిగో. చాలా? ఇక నన్ను తీసుకెళ్ళండి. ఎవరి కాళ్ళు పట్టుకోమంటారు? ఎంత టైముందంటావు నాకు? ఇంకా మొదలే కదా? పన్నెండు గురువారాలే కదా? మందులిస్తే తగ్గుతుంది కదా?"

"వదినా, ఒకసారి చదువు. అంతా సరిగ్గా ఉందా?"

"ఉంది. ఆయన పేరు కూడా తప్పుల్లేకుండా రాశారు."

"అయితే నీ సంచిలో పెట్టుకో."

"సంచిలోనా? అది ఇటివ్వండి! డాక్టరుకి చూపించాల్సింది నేను!"

"రేపు పొద్దున వదిన ఫ్యాక్టరీ గేటు దగ్గర పనివాళ్ళందరికీ చదివి వినిపిస్తుంది. ఆదివారం సభలో కూడా వినిపిస్తుంది. మధ్యలో ఓపికుంటే కార్మికుల కోర్టుకి కూడా వెళ్తుంది. పిల్లలకి మాత్రం ఇవాళే చదివి వినిపిస్తుంది."

"మీరేం చేసుకుంటారో చేసుకోండి! సభ ఏ గంగలో కలిస్తే నాకేం! ముందు నా సంగతి చూడండి! చచ్చిపోతున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని... మీకు కనికరం లేదా? కాగితం లేకుండా ఏ డాక్టరు నమ్ముతాడు నన్ను?"

"డాక్టరెందుకు సార్, ఇంటికెళ్ళి కాస్త పడుకోండి, భయం తగ్గితే వణుకు అదే తగ్గుతుంది. అన్న తెచ్చిన అసలు పెచ్చు పెట్టెలో పెట్టి తాళం వేశాను, దాన్ని మీలాంటివాడి చేత కూడా అరగదీయించను. మీకిచ్చింది నేను రెండు నెలలు కూర్చుని, పసుపు మీద ఆకుపచ్చ వచ్చేలా రోజుకో పొర పూసి మా పొయ్యి మీద ఆరబెట్టుకున్నది. ఆ పసుపు బొమ్మలకి వేసేది, డబ్బా మీదే రాసుంది, చంటిపిల్లలు నాకినా ఏమీ కాదని."